ఇంటర్వ్యూకు పోవు గ్రామ యువజనులు – పంచాయతీ చేయదగిన సాయము

వ్రాతపరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొని, పిదప ఇంటర్వ్యూలో వెనుకబడి ఇంటికి తిరిగివచ్చిన యువకులు దాదాపు ప్రతి గ్రామమునను ఒకరిద్దరు కనబడుదురు. “వానికి చదువున్నది గాని అదృష్టము లేదు” అని కొందరు సరిపెట్టుకొందురు. “చేయి తడపనిదే ఉద్యోగ మెట్లు వచ్చును?” అని మరికొందరందురు. ఈ రెండు మాటలును సరికావు. రెండవది అపాయకరము కూడ. ఇంటర్వ్యూ యనునది నేర్చుకొనదగిన విద్య. ఉద్యోగస్థుల ఇండ్లలో పెరిగిన పిల్లలు దీనిని భోజనముల వేళ తండ్రి మాటలలో, పినతండ్రి మాటలలో తెలియకుండగనే కొంత నేర్చుకొందురు. వంశములో మొట్టమొదటిసారిగా ఆ గదిలో అడుగుపెట్టు పల్లెటూరి పిల్లవానికి చెప్పువారుండరు. ఆ లోటును తీర్చుటకు పంచాయతీ సభ్యులు చేయగల పని చాల ఉన్నది. దానికి నిధులు అక్కరలేదు, తీర్మానమును అక్కరలేదు.

ముందుగా ఏ ఉద్యోగములకు ఇంటర్వ్యూ కలదో, వేటికి లేదో సభ్యులు తెలిసికొని యుండుట మంచిది. కేంద్ర ప్రభుత్వము 2016 జనవరి 1వ తేదీ నుండి గ్రూపు-సి ఉద్యోగములకును, గెజిటెడ్ కాని గ్రూపు-బి ఉద్యోగములకును ఇంటర్వ్యూలను రద్దుచేసినది. ఆ ఉద్యోగములకు వ్రాతపరీక్ష ఉండును. అవసరమైనచోట శరీర దారుఢ్య పరీక్షయో, పనితనపు పరీక్షయో ఉండును. తెలంగాణ ప్రభుత్వము 2022లో గ్రూపు-1, గ్రూపు-2 ఉద్యోగములకు సైతము ఇంటర్వ్యూను తీసివేసినది. కావున రైల్వేలో చిన్న ఉద్యోగమునకు “ఇంటర్వ్యూ సంగతి నేను చూచుకొందును” అని ఎవడైన వచ్చి చెప్పినచో, వాడు లేని సరకునకు ధర చెప్పుచున్నాడని తెలియవలెను.

ఇంటర్వ్యూ మిగిలియున్న చోట్లు కొన్ని కలవు. సివిల్ సర్వీసులలో ప్రధాన వ్రాతపరీక్షకు 1750 మార్కులు, ఇంటర్వ్యూకు 275 మార్కులు. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీసు కమిషను వారి గ్రూపు-1 పరీక్షలో వ్రాతకు 750, ఇంటర్వ్యూకు 75. జాతీయ బ్యాంకుల ప్రొబేషనరీ ఆఫీసరు ఎంపికలో వ్రాతకు 80 పాళ్లు, ఇంటర్వ్యూకు 20 పాళ్లు. గ్రామీణ బ్యాంకులలో ఆఫీసరు ఉద్యోగమునకు ఇంటర్వ్యూ కలదు, ఆఫీసు అసిస్టెంటునకు లేదు. ఇక ప్రైవేటు కర్మాగారములు, ఆసుపత్రులు, దుకాణములు, కంపెనీలు మొదలైన వాటిలో ముఖాముఖి మాటలాడకుండ పనిలో చేర్చుకొనుట అరుదు. మన గ్రామముల నుండి పోవువారిలో ఎక్కువమంది ఎదుర్కొనునది ఈ కడపటి రకమునే.

ప్రభుత్వోద్యోగములలో ఇంటర్వ్యూ మార్కులు ఇంత తక్కువగా నుండుటకు కారణము కలదు. శ్రీనగరులోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో ప్రవేశమునకు వ్రాతపరీక్షకు 100 మార్కులు, మౌఖికమునకు 50 మార్కులు పెట్టి, ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషములు మాత్రమే ప్రశ్నించి పంపివేసిరని కొందరు విద్యార్థులు సుప్రీంకోర్టుకు పోయిరి. అజయ్ హాసియా కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యములో 1980 నవంబరులో తీర్పు వచ్చినది. మౌఖిక పరీక్షకు మొత్తము మార్కులలో 15 శాతమునకు మించి యిచ్చుట నిరంకుశమగునని న్యాయస్థానము చెప్పినది. 1985లో హర్యానా పబ్లిక్ సర్వీసు కమిషను విషయమున ఇచ్చిన తీర్పులో, సాధారణ అభ్యర్థులకు ఆ పాలు 12.2 శాతమునకు మించరాదన్నది. ఇందువలన గ్రామస్థుడు గ్రహింపవలసినదేమన, వ్రాతపరీక్ష మార్కులే మూలధనము. ఇంటర్వ్యూ ఆ ధనమును కొంత పెంచవచ్చును, కొంత తగ్గించవచ్చును. అయినను పోటీ అర మార్కు, ఒక మార్కు మీద తెగు కాలమున ఆ కొంతయే కొన్ని కుటుంబముల తలరాతను మార్చుచున్నది.

పల్లె పిల్లలకు గల మొదటి భయము ఇంగ్లీషు. ఈ భయములో కొంత నిజమున్నది, కొంత అపోహ యున్నది. యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషను ఎదుట, వ్రాతపరీక్ష తెలుగులో వ్రాసిన అభ్యర్థి తెలుగులోనే మాటలాడవచ్చును. దుబాసీని కమిషనువారే ఏర్పాటు చేయుదురు. శ్రీకాకుళము జిల్లా పలాస మండలము పారసంబ గ్రామమునకు చెందిన రోణంకి గోపాలకృష్ణగారు తెలుగులో పరీక్ష వ్రాసి, దుబాసీ సాయముతో తెలుగులోనే ఇంటర్వ్యూకు సమాధానములు చెప్పి, 2016వ సంవత్సరపు సివిల్ సర్వీసు పరీక్షలో దేశము మొత్తము మీద మూడవ స్థానము పొందిరి. అప్పటికి వారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు.

కర్మాగారముల సంగతి వేరు. శ్రీసిటీలోనో, పెనుకొండ వద్దనున్న కియా కార్ల కర్మాగారములోనో ప్రశ్నించు అధికారి తమిళుడు కావచ్చును, ఉత్తరాదివాడు కావచ్చును, కొరియా దేశస్థుడైనను కావచ్చును. అచట నాలుగు ముక్కల ఇంగ్లీషు అవసరమే. కాని ఆ నాలుగు ముక్కలును వ్యాకరణ పరీక్షకు కాదు. తన పేరు, ఊరు, చదువు, తాను చేసిన పని, చేయగల పని – ఈ అయిదును చిన్న చిన్న వాక్యములలో తడబడకుండ చెప్పగలిగిన చాలును. ఐ.టి.ఐ. ఫిట్టరు చదివిన కుఱ్ఱవాని చేతికి వెర్నియర్ కాలిపర్సు ఇచ్చి ఒక ఇనుప కడ్డీని కొలువుమందురు. సామాన్యముగా దానితో 0.02 మిల్లీమీటరు వరకును, మైక్రోమీటరుతో 0.01 మిల్లీమీటరు వరకును కొలవవచ్చునని వాడు చదివియే యుండును. కాని చదువు ముగిసి రెండేండ్లయి, ఆ పరికరము మరల ముట్టుకొననందున చేయి వణకును. ఇంటర్వ్యూకు వారము ముందు దగ్గరి ఐ.టి.ఐ.కి పోయి పాత ఉపాధ్యాయుని అడిగి ఒక పూట ఆ పరికరములను పట్టిచూచి వచ్చుట వంద ఇంగ్లీషు మాటలు వల్లెవేయుటకన్న మేలు.

ఇంటర్వ్యూలో తరచు అడుగు ప్రశ్న యొకటి కలదు: “చదువు ముగిసిన తరువాత ఇన్నాళ్లు ఏమి చేయుచుంటివి?” దీనికి మన పిల్లలు చెప్పు జవాబు దాదాపు ఒకటే: “ఖాళీగా ఉన్నాను సార్.” పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగిన ఒక ఉద్యోగ మేళాలో ఈ జవాబు చెప్పిన డిప్లొమా కుఱ్ఱవానిని నేను బయటకు వచ్చిన తరువాత పలుకరించితిని. ఆ ఏడాది అంతయు వాడు తండ్రి గారి రొయ్యల చెరువు చూచుకొన్నాడట. రాత్రులు చెరువు గట్టున పడుకొని, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గువేళ ఏరియేటర్లు నడపినాడు. కరెంటు పోయినచో నిమిషములలో జనరేటరు వేసినాడు. మేత పళ్ళెములు పైకి తీసి, రొయ్య తినినంత చూచి మరునాటి మేత తగ్గించుటయో పెంచుటయో చేసినాడు. ఖర్చు పుస్తకము వ్రాసినాడు. ఒక్క రాత్రి నిద్రపోయి ఏమరినచో లక్షల పంట పోవు పని అది. ఏ కర్మాగారపు రాత్రి షిఫ్టునకైనను ఇంతకన్న తగినవా డెవడు? అయినను వాని దృష్టిలో అది ఉద్యోగము కాదు గనుక “ఖాళీ”. ప్రశ్నించిన అధికారికి ఆ మాటే మిగిలినది.

ఇంటిపని, పొలముపని, దుకాణపు పని, తల్లి నడుపు పొదుపు సంఘము లెక్కలు వ్రాయుట – ఇవన్నియు పనులే. వీటిని పనులుగా గుర్తించి చెప్పుట పల్లె యువకునకు ఎవరైన నేర్పవలెను. ఎన్ని ఎకరములు, ఎన్ని నెలలు, ఎంత దిగుబడి, ఏ చిక్కు వచ్చినది, ఎట్లు తీర్చితివి అని నాలుగు ప్రశ్నలు వేసినచో జవాబు తానై వచ్చును. లేని పని చేసినట్లు చెప్పుట మాత్రము కూడదు. రెండవ ప్రశ్నతోనే అది బయటపడును.

ఇచ్చటనే పంచాయతీ సభ్యులు తమకు తెలియకుండగనే మంచి గురువులు. గ్రూపు-1 ఇంటర్వ్యూలోను, గ్రామీణ బ్యాంకు ఇంటర్వ్యూలోను పల్లెటూరి అభ్యర్థిని తన ఊరిని గూర్చి అడుగుదురు. మీ గ్రామసభ ఎప్పుడు జరిగినది? పంచాయతీకి రాబడి ఎచ్చట నుండి వచ్చును? 73వ రాజ్యాంగ సవరణ ఏమి మార్చినది? పుస్తకము చదివిన అభ్యర్థి ఆ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినదనియు, పదునొకండవ షెడ్యూలులో 29 విషయములున్నవనియు చెప్పును. కాని “మీ ఊరిలో ఇంటిపన్ను ఎంత వసూలగుచున్నది, మిగిలినది ఎందుకు వసూలు కాలేదు?” అని అడిగినచో నీళ్లు నమలును. వార్డు సభ్యునకు ఆ సంగతి కంఠతా వచ్చును. ఒక సాయంకాలము ఆ పిల్లవానిని కూర్చుండబెట్టి ఊరి బడ్జెటు, మంచినీటి పథకము, వీధి దీపముల కరెంటు బాకీ, చెత్త సేకరణలో వచ్చు తగవు – ఉన్నదున్నట్లు చెప్పినచో అంతకు మించిన శిక్షణ పట్టణములో డబ్బిచ్చినను దొరకదు. బ్యాంకు ఇంటర్వ్యూకు పోవువానికి రైతు సభ్యుడు పంటరుణము సంగతి చెప్పవచ్చును. 2025-26లో స్వల్పకాలిక పంటరుణముపై వడ్డీ 7 శాతము, గడువులోగా చెల్లించిన రైతునకు 3 శాతము ప్రోత్సాహకము పోను పడునది 4 శాతము అను లెక్క పుస్తకములో నుండును. గడువు దాటిన రైతు ఎందుకు దాటినాడో, కౌలుదారునకు అప్పు పుట్టుట ఎందుకు కష్టమో రైతునకే తెలియును. ఎంపిక సంఘము వారు వినగోరునది ఆ రెండవదానిని.

ఇక నమూనా ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన పిల్లలెవరైన నున్నచో, ఒక ఆదివారము సాయంకాలము పంచాయతీ కార్యాలయపు గదిలోనో, గ్రంథాలయములోనో ముగ్గురు పెద్దలు ఒక బల్ల వెనుక కూర్చుండవలెను. పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడొకరు, ఉద్యోగములో నున్నవారొకరు, పొరుగూరి వారొకరు అయినచో బాగుండును. పొరుగూరివారు ఎందుకనగా, చిన్ననాటి నుండి ఎరిగిన మామయ్య ఎదుట మాటలాడుట వేరు, ముక్కు మొగము తెలియనివారి ఎదుట మాటలాడుట వేరు. పిల్లవాడు తలుపు వద్ద అనుమతి అడిగి లోనికి వచ్చి, నమస్కరించి, కూర్చుండుమన్న తరువాత కూర్చుండవలెను. పదునైదు నిమిషములు ప్రశ్నలు. ఒకరి సెల్‌ఫోనులో ఆ దృశ్యమును తీసి తరువాత వానికే చూపినచో, కాలు ఊపుటయు, ప్రతి వాక్యమునకు “అంటే... అంటే...” అనుటయు ఎవరును చెప్పకయే వానికి తెలియును. తెలియని ప్రశ్న వచ్చినచో “క్షమించండి, నాకు తెలియదు” అని స్పష్టముగా చెప్పుటను రెండు మూడు పర్యాయములు అభ్యాసము చేయించవలెను. ఆ మాట సులభమనిపించును గాని, ఎదురుగా అధికారి కూర్చున్నప్పుడు నోట రాదు. దానికి బదులు ఏదో ఒకటి అల్లి చెప్పబోయి చిక్కుపడుదురు.

పెద్దలకు కూడ ఇచట ఒక నియమము అవసరము. మనలో ప్రశ్న అడుగబోయి ఉపన్యాసము చేయు అలవాటు కొంత కలదు. గంటసేపు జరిగిన ఒక నమూనా ఇంటర్వ్యూలో అభ్యర్థి మాటలాడినది అయిదు నిమిషములని విన్నప్పుడు నాకు నవ్వు వచ్చినది గాని, ఆ పిల్లవానికి ఏమి లాభము? అందరి ఎదుట “ఈ మాత్రము తెలియదా?” అని ఎగతాళి చేయుట అంతకన్న చెరుపు. తప్పులను పిదప ఒంటరిగా చెప్పవలెను. ఇట్టి ఏర్పాటు ఊరిలోని అన్ని వాడల పిల్లలకును వర్తింపవలెను. దండోరా వేయించినను సరియే, వాట్సాపులో పెట్టినను సరియే, పిలుపు ప్రతి ఇంటికిని చేరవలెను. నలుగురు బంధువుల పిల్లలకు మాత్రమే జరిపినచో అది పంచాయతీ పని అనిపించుకొనదు.

దుస్తులను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు, శుభ్రమైన చెప్పులు లేక బూట్లు చాలును. అప్పుచేసి కోటు కుట్టించుకొన నవసరము లేదు.

సర్టిఫికెట్ల విషయమున మాత్రము నిర్లక్ష్యము పనికిరాదు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తరువాత. దరఖాస్తు ఫారములలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుండును. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఒకచోట పొడి అక్షరముగా, మరొకచోట చివరగా వ్రాయబడి, పదవ తరగతి పత్రమునకును ఆధారు కార్డునకును పొంతన కుదరక పరిశీలన బల్ల వద్ద నిలబడిపోయిన అభ్యర్థులు కలరు. పదవ తరగతి పత్రములోని పేరును, పుట్టినతేదీని ఆధారముగా గొని, మిగిలిన పత్రములను దానికి సరిపోవునట్లు ముందుగనే దిద్దించుకొనవలెను. ఇది ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన తరువాత చేయు పని కాదు. ఆర్థికముగా వెనుకబడిన వర్గముల ధ్రువపత్రము గడచిన ఆర్థిక సంవత్సరపు ఆదాయమును బట్టి యిత్తురు. నిరుటి పత్రము ఈ ఏడు చెల్లకపోవచ్చును. వెనుకబడిన తరగతుల వారు కేంద్ర ప్రభుత్వోద్యోగమునకు కేంద్రపు నమూనాలోనే పత్రము పొందవలెను. రాష్ట్ర జాబితాలో నున్న కులములలో కొన్ని కేంద్ర జాబితాలో లేవు. ఆ సంగతి దరఖాస్తు పెట్టకముందే చూచుకొనవలెను. తహశీల్దారు కార్యాలయమునకు తిరుగుటకు తీరికలేని కూలివారి పిల్లల తరపున ఒక సభ్యుడు పోయి ఆ కాగితము సకాలమున తెప్పించినచో అదియే గొప్ప సాయము.

సభ్యులు చేయకూడని సాయము కూడ ఒకటి కలదు. అది సిఫారసు లేఖ. ఇంటర్వ్యూకు పోవు పిల్లవాని చేత సర్పంచిగారి పేరిటనో, పై నాయకుల పేరిటనో ఒక లేఖ పంపుట ప్రేమతో చేయు పనియే. కాని పబ్లిక్ సర్వీసు కమిషనుల నియమముల ప్రకారము ఏ విధముగనైన పలుకుబడి తెచ్చుటకు యత్నించిన అభ్యర్థి అనర్హుడగును. ఆ లేఖ పిల్లవాని చదువును నీటబెట్టగలదు.

లేఖకన్న పెద్ద ప్రమాదము దళారి. 2022 డిసెంబరులో ఢిల్లీలో ఒక మోసము బయటపడినది. తమిళనాడునకు చెందిన 28 మంది యువకులను రైల్వే ఉద్యోగములని నమ్మించి, దాదాపు నెల దినములు న్యూఢిల్లీ స్టేషనులో నిలబెట్టి, వచ్చిపోవు రైళ్లను, వాటి పెట్టెలను లెక్కపెట్టించిరి. అది శిక్షణ అని వారు నమ్మిరి. వారు పోగొట్టుకొన్నది మొత్తము 2 కోట్ల 67 లక్షల రూపాయలు. మన రాష్ట్రమున 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు మరియొక ఘోరమును వెలికితీసిరి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియాకు పోయిన మన యువకులను అచట నిర్బంధించి, వారిచేతనే సైబరు మోసములు చేయించిరి. రైలు ఉద్యోగమైనను, విదేశపు ఉద్యోగమైనను, ఇంటర్వ్యూకు ముందో వెనుకనో డబ్బు అడిగినచోట ఆగవలెను. డబ్బు అప్పటికే పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. పొలము తాకట్టు పెట్టబోవుచున్న తండ్రి మొదట సలహా అడుగునది వార్డు సభ్యునినే గనుక, ఈ సంగతులు సభ్యునకు తెలిసియుండుట వలన ఒక కుటుంబము నిలబడును.

ఎంపికయైన తరువాత కూడ ఒక గండము కలదు. పోలీసు విచారణ ఫారములో అభ్యర్థి తనపై ఏదైన కేసు ఉన్నదా లేదా వ్రాయవలెను. ఉన్నదానిని దాచినచో వచ్చిన ఉద్యోగము పోవచ్చును. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇట్టి సందర్భములలో అధికారులు పాటింపవలసిన సూత్రములను చెప్పినది. చిన్న నేరమైనచో ఉపేక్షించు అధికారము వారికి కలదు గాని, ఉపేక్షింతురను నమ్మకము లేదు. గట్టు తగాదాలోనో, ఎన్నికల కక్షలోనో ఫిర్యాదు వ్రాయించునప్పుడు, ఎదుటి వర్గమువారి చదువుకొన్న కొడుకు పేరును కూడ అందులో చేర్చించుట కొన్ని గ్రామములలో అలవాటైనది. ఆ రోజు అక్కడ లేని పిల్లవాడు ఏండ్ల తరబడి దాని ఫలితము అనుభవించును. ఈ అలవాటును మాన్పించుట పంచాయతీ పెద్దలకే సాధ్యము.

ఆడపిల్లల విషయము చివర చెప్పుచున్నను చిన్నది కాదు. శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ వారి సెల్‌ఫోను కర్మాగారము మొదలైనప్పటి నుండి చుట్టుప్రక్కల జిల్లాల గ్రామీణ యువతులు వేలసంఖ్యలో అట్టి పనులలో చేరిరి. అయినను ఉద్యోగ మేళాలలో అమ్మాయిని ప్రశ్న అడిగినచో ప్రక్కనున్న తండ్రి జవాబు చెప్పుటను ఇప్పటికిని చూచుచున్నాము. “రాత్రి షిఫ్టు చేయగలవా అమ్మా?” అనగా అమ్మాయి తండ్రి వైపు చూచును. అది సిగ్గు కాదు. ఇంటిలో ఆ మాట ముందుగా తేలకపోవుట. హాస్టలు ఎట్టిది, కంపెనీ బస్సు ఊరి నుండి ఎంత దూరమున ఆగును, జీతములో భోజనమునకు ఎంత పట్టుకొందురు అనునవి ఇంటర్వ్యూకు ముందే తెలిసికొని ఇంటిలో ఒక నిర్ణయమునకు వచ్చినచో, అమ్మాయి తన జవాబు తానే చెప్పగలదు. ఇందుకు మహిళా వార్డు సభ్యులు గాని, పొదుపు సంఘము నాయకురాలు గాని మొదటిసారి వెంట పోయి ఆ హాస్టలును స్వయముగా చూచి, అచట పనిచేయుచున్న మన ప్రాంతపు అమ్మాయిలతో మాటలాడి, తిరుగు బస్సు వేళలు కూడ వ్రాసికొని వచ్చినచో, తరువాతి సంవత్సరము పోవు పిల్లలకు ఆ కాగితమే ఉపయోగపడును.